ప్రమోషన్ ఫారంలో ఏ హెచ్ ఇండెక్స్ వేయాలండి?

అమలాపురం_జువాలజీ: డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతాను. పరిశోధన పేపర్లు వెతికే గూగుల్ స్కాలర్‌లో నా హెచ్ ఇండెక్స్ 9, పేపర్ల డేటాబేస్ స్కోపస్‌లో 4. ఫారంలో గడి ఒక్కటే. ఏది వేసినా టెన్షనే.

భీమవరం_ఈసీఈ: రెండూ వేసి, చూసిన తేదీ రాయండి. స్కోపస్ తాను ఎంచి చేర్చుకున్న జర్నల్స్, కాన్ఫరెన్సులు, పుస్తకాల వరకే లెక్కేస్తుంది. గూగుల్ థీసిస్‌లనూ వదలదు. హెచ్ ఇండెక్స్ 4 అంటే కనీసం నాలుగేసి సైటేషన్లు (వేరే పేపర్లలో ప్రస్తావనలు) వచ్చిన పేపర్లు నాలుగున్నాయని. 2005లో హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త చెప్పిన లెక్క ఇది. ఒకసారి పెరిగితే తగ్గదు, రిటైరైనవాళ్లది కూడా పెరగొచ్చు.

మండపేట_లెక్కలు: మా సబ్జెక్టు వాళ్లకి ఇంకో బాధండి. జర్నల్ పేపర్లకి సగటున ఎన్ని సైటేషన్లొచ్చాయో చెప్పేది ఇంపాక్ట్ ఫ్యాక్టర్. 2024 ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌కి 2022, 23ల్లో అచ్చయిన పేపర్లకి 2024లో వచ్చిన సైటేషన్లే లెక్క. లెక్కల పేపరు చదివి, అర్థం చేసుకుని, దాని మీద ఇంకోటి రాసేసరికే ఆ గడువు దాటిపోతుంది. బయాలజీ వాళ్ల పక్కన మమ్మల్ని నిలబెడితే ఎలా?

గోదారిగట్టు: ఒక కాలేజీలో చూశాను. ‘నువ్వు నాది వేయి, నేను నీది వేస్తా’ అని వాట్సాప్ గ్రూపే పెట్టుకున్నారు! పేపరు చివర రిఫరెన్సులు చూస్తే పెళ్లి శుభలేఖలో బంధువుల పేర్లలా ఉంటాయి.

పాలకొల్లు_వరి: మన మార్టేరు వరి పరిశోధన కేంద్రం సంగతి చూడండి. స్వర్ణ వరి రకం, అదే ఎంటీయూ 7029, అక్కడ పుట్టిందే. 1982లో విడుదలైంది. ముంపును తట్టుకునే సబ్1 జన్యువు మీద 2006లో నేచర్‌లో పేపరొచ్చింది. ఆ జన్యువును స్వర్ణలోకి ఎక్కించి, 2009లో స్వర్ణ సబ్1 విడుదల చేశారు. ఆ పేపరుకి ఎన్ని సైటేషన్లో ఒక్క క్లిక్కుతో తెలుస్తుంది. సార్వాలో స్వర్ణ ఊడ్చిన రైతు ఏ పేపరునీ సైట్ చేయడు కదా.

అమలాపురం_జువాలజీ: నాదీ అదే గోలండి. వనామీ రొయ్యల చెరువుల్లో తెల్లమచ్చ వ్యాధి జాగ్రత్తల మీద తెలుగులో చిన్న పుస్తకం రాశాను. రైతులు జిరాక్సులు తీయించుకున్నారు. సైటేషన్లు సున్నా.

భీమవరం_ఈసీఈ: విడిగా ఒక పేజీ జతచేయండి మేడమ్. పేపర్లలో మీ పని ఏమిటో, పుస్తకం ఎవరు వాడుతున్నారో రాయండి. పరిశోధకుడి పనికి జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ను కొలతగా వాడొద్దని 2012 నాటి డోరా (పరిశోధన మదింపుపై శాన్‌ఫ్రాన్సిస్కో) ప్రకటన ఉంది, అదీ ప్రస్తావించండి. మా కమిటీలో ఒకాయన అలాంటి పేజీ చదివే ప్రశ్నలడిగారు.

అమలాపురం_జువాలజీ: సరేనండి. గడిలో ‘స్కోపస్ 4, గూగుల్ 9, అనుబంధం చూడండి’ అని ఇరికిస్తాను.