నియామకాలు, తొలగింపులు మొదటిసారి నా చేతికి వచ్చాయి: ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న (పలాస నుంచి):
నమస్కారం. పలాస-కాశీబుగ్గలోని ఒక జీడిపప్పు కర్మాగారంలో నాలుగేళ్లుగా గ్రేడింగు సూపర్‌వైజరుగా పనిచేస్తున్నాను. మా యజమాని గారికి ఆరోగ్యం సహకరించడం లేదు. అందువల్ల ఇకమీదట మనుషులను చేర్చుకోవడం, మానిపించడం రెండూ నన్నే చూసుకోమన్నారు. ఇద్దరిని వెంటనే చేర్చుకోవాలి, ఒకామెను మానిపించాలి. ఆమె మూడేళ్లుగా పనిలో ఉన్నారు, పైగా నాకు పిన్ని వరస. తరచుగా నాగా పెడుతున్నారు, ఆమె వేరుచేసిన గుండ్లలో (చీలని నిండు పప్పుల్లో) బద్దలు (రెండుగా చీలిన పప్పులు) కలిసి వస్తున్నాయి. ఆమెతో ఈ మాట ఎలా ఎత్తాలో తోచడం లేదు.

జవాబు (విజయనగరం నుంచి):
నేను ఒక జూట్ మిల్లు టైమ్ ఆఫీసులో (హాజరు చూసే విభాగంలో) ఇరవై రెండేళ్లు పనిచేసి విరమించాను. చేర్చుకోవడం గురించి క్లుప్తంగా చెబుతాను. ఎవరు పంపారన్నది పక్కన పెట్టి, వచ్చిన వారి ముందు కలగలుపు పప్పు రెండు కిలోలు పోసి, నిండు తెల్ల పప్పులో పెద్ద సైజు డబ్ల్యూ-240నీ, అంతకంటే చిన్న సైజు డబ్ల్యూ-320నీ వేరుచేయమనండి. కన్ను, చెయ్యి ఎలా నడుస్తున్నాయో అరగంటలో తెలిసిపోతుంది. ఆ అరగంటకూ కూలి కట్టి ఇవ్వండి. చేరిన రోజే నియామక పత్రం చేతికివ్వండి.

మానిపించడం దగ్గర మాత్రం నేను దెబ్బ తిన్నాను. కొత్తలో ఒక కార్మికుణ్ణి, షిఫ్టు మొదలయ్యే వేళ, అందరూ చూస్తుండగా గేటు దగ్గరే ఆపి, రేపటి నుంచి రావద్దన్నాను. అతను కార్మిక శాఖ అధికారి దగ్గరికి వెళితే, చూపించడానికి మా దగ్గర ఒక్క కాగితమూ లేదు. బకాయి జీతంతో సహా తిరిగి తీసుకోవలసి వచ్చింది.

2025 నవంబరు 21 నుంచి అమలులో ఉన్న పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం, ఏడాదికి తక్కువ కాకుండా సర్వీసు ఉన్న కార్మికుణ్ణి క్రమశిక్షణ చర్యగా కాక మరే కారణంతో తొలగించినా, ఒక నెల ముందుగా కారణం చూపుతూ రాతపూర్వక నోటీసు గానీ ఆ నెల వేతనం గానీ ఇచ్చి, పూర్తయిన ప్రతి ఏడాదికీ పదిహేను రోజుల సగటు వేతనం పరిహారంగా చెల్లించాలి. రావలసిన జీతం రెండు పనిదినాల్లో ముట్టాలి. తప్పు చేశారని తొలగించదలిస్తే, ముందు ఆరోపణ రాసిచ్చి, విచారణ జరిపి, వారి సమాధానం వినాలి.

అంతదాకా వెళ్లేముందు హాజరు పట్టీ తీసి, నాగాలు ఏ రోజుల్లో పడ్డాయో చూడండి. వరి నాట్ల రోజుల్లో పడే నాగా వేరు, ఏడాది పొడవునా పడే నాగా వేరు. తరవాత ఆమెను విడిగా కూర్చోబెట్టి అడగండి. ఆ గదిలో వరస కలిపి పిలవకండి. పిన్నీ అని మొదలుపెడితే, నోటీసు ఇవ్వవలసి వచ్చినప్పుడు మీకు నోరు రాదు.

ప్రశ్నించినవారు:
పట్టీ చూశాను. ఆరు నెలలుగా వారానికి రెండు నాగాలు, అవీ మంగళ, శుక్రవారాలే. అడిగితే, భర్తకు ఆ రోజుల్లో పలాసలో డయాలసిస్ జరుగుతోందని చెప్పారు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఈ ఉద్దానం ప్రాంతం వాళ్లమై ఉండి ఇది ఊహించలేకపోయినందుకు సిగ్గనిపించింది. బద్దలు కలవడం మాత్రం నిజమేనని ఒప్పుకున్నారు, నిద్ర చాలడం లేదట. యజమాని గారికి ఏమని చెప్పాలి?

జవాబు:
నాగాను, పనిలోని లోపాన్ని కలపకుండా రెండు కాగితాల మీద రాసి తీసుకువెళ్లండి. మిగిలిన రోజుల్లో ఆమెను కిలో లెక్కన కూలి ఇచ్చే పొట్టు తీసే పనికి మార్చడానికి ఆమె ఒప్పుకుంటారేమో ముందు కనుక్కోండి. అక్కడ గుండు, బద్ద కలిసే చిక్కు ఉండదు, ఖాళీ రోజులకు యజమాని కూలి కట్టనక్కర లేదు. ఒప్పుకుంటే కొత్త పని, కొత్త రేటు, తేదీ రాసి ఇద్దరూ సంతకం చేయండి. ఆమెకు ఒక ప్రతి ఇవ్వండి. గ్రేడింగు బల్ల దగ్గర ఆమె చోటు ఖాళీ అవుతుంది కనుక, మీరు చేర్చుకోవలసింది ఇక ఇద్దరిని కాదు, ముగ్గురిని.