నాలుగేళ్ళ పిల్లల పుట్టినరోజు ఆటల్లో "ఔట్" ఉండాలా, వద్దా?

సర్జాపూర్ అమ్మ:
నమస్తే అండీ. మేం ఉండేది బెంగళూరులో, సర్జాపూర్ రోడ్డు. వచ్చే నెల మా బాబుకి నాలుగేళ్ళు నిండుతాయి. అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌ని సాయంత్రం నాలుగున్నర నుంచి ఏడింటి దాకా తీసుకున్నాం. మూడు నుంచి అయిదేళ్ళ లోపు పిల్లలు పన్నెండు మంది వస్తారు. వాళ్ళ అక్కలూ అన్నలూ ఇంకో అయిదుగురు, ఏడెనిమిదేళ్ళ వాళ్ళు.

పార్టీలు చేసిపెట్టే ఒకాయన్ని పిలిచి మాట్లాడాం. యాంకర్, స్పీకర్, మ్యాజిక్ షో, కార్టూన్ వేషం, నాలుగు ఆటలు అన్నాడు. ఆ నాలుగూ విన్నాక నాకు మనసొప్పలేదు. మ్యూజికల్ చైర్స్, పాట ఆగగానే కదలకుండా నిలబడే ఆట, పాసింగ్ ది పార్సెల్, కాగితం మీద డాన్స్. నాలుగింట్లోనూ ఒక్కొక్కళ్ళే ఔట్ అయిపోవాలి.

పోయిన నెల పక్క టవర్‌లో ఒక పార్టీకి వెళ్ళాం. పన్నెండు మంది పిల్లలు, పదకొండు కుర్చీలు. మొదటి రౌండులోనే మావాడు ఔట్. అంటే మిగతా పది రౌండ్లూ గోడ పక్కన కూర్చుని చూడాలి. మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని అలాగే కూర్చున్నాడు. కేక్ కోస్తుంటే పిలిచినా లేవలేదు. ఇంటికొచ్చాక "అమ్మా, నన్ను ఎందుకు వద్దన్నారు?" అని అడిగాడు. ఆటలో ఓడిపోయానని వాడికి తెలియలేదండీ, తనని పొమ్మన్నారని అర్థమైంది.

అయిదేళ్ళ లోపు పిల్లలకి బయటికి పంపే ఆట ఒక్కటి కూడా పెట్టకూడదని నా అభిప్రాయం. మావారూ మా అత్తగారూ ఒప్పుకోవడం లేదు. ఆట అన్నాక గెలుపోటములు లేకపోతే ఎలా అంటున్నారు. మీరేమంటారు?

నెల్లూరు తాతయ్య, వైట్‌ఫీల్డ్:
అమ్మా, నీ బాధ అర్థమైంది. కానీ నేను మీ అత్తగారి పక్షమే. మా చిన్నప్పుడు కోతికొమ్మచ్చి, బిళ్ళంగోడు, నాలుగు స్తంభాలాట ఆడేవాళ్ళం. దొంగ అయినవాడు ఏడ్చేవాడు, కాసేపటికి తుడుచుకుని మళ్ళీ వచ్చేవాడు. ఆ ఏడుపుని ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు. ఇప్పుడు ఇంటికొక్క పిల్లాడు. ఇంట్లో ఆడినా అమ్మా నాన్నా కావాలనే ఓడిపోతారు. ఇంక ఓటమి ఎక్కడ నేర్చుకుంటాడు? తోటిపిల్లల మధ్య, పక్కనే అమ్మ ఉండగా, కేక్ తినే రోజున నేర్చుకోవడం కంటే మెత్తని చోటు ఏముంది చెప్పు?

ఆటలాడించే అన్న:
అక్కా, నేను ఆరేళ్ళుగా మారతహళ్ళి, బెళ్ళందూరు వైపు పిల్లల పార్టీల్లో ఆటలాడిస్తున్నాను. ఈ ఔట్ ఆటలు మావాళ్ళందరం ఎందుకు పెడతామో ఉన్నదున్నట్టు చెప్తాను. పాతిక మంది పిల్లలుంటే మైకు పట్టుకునేది ఒక్కడే. పాతిక మందినీ ఒకేసారి సంభాళించడం కష్టం. ఔట్ అవుతున్న కొద్దీ మనం చూసుకోవాల్సిన గుంపు తగ్గుతుంది. చివర్లో ఒక విజేత మిగులుతాడు, ఫోటో బాగా వస్తుంది. పిల్లలకి మంచిదా కాదా అని మాకెవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. ఇది ఆడించేవాడి సౌకర్యం కోసం ఉన్న పద్ధతి.

ఇంకో రెండు మాటలు. నాలుగేళ్ళ వాళ్ళకి మ్యాజిక్ షో పెట్టకండి. టోపీలోంచి పావురం రావడం వింతే అని తెలియాలంటే, అలా రాదని ముందు తెలిసుండాలి. ఆ వయసులో పావురం ఎక్కడినుంచైనా రావచ్చు. ఆరేళ్ళు దాటిన పిల్లలైతే కళ్ళార్పకుండా చూస్తారు. ఇక కార్టూన్ వేషం. ప్రతి పార్టీలోనూ ఇద్దరు ముగ్గురు దాన్ని చూసి భయపడి ఏడుస్తారు, పుట్టినరోజు పిల్లాడే ఏడ్చిన సందర్భాలు నేను చాలా చూశాను. ఆ డబ్బు మిగుల్చుకుని, మైకుతో ఒక్కడు కాకుండా ఇంకో మనిషిని అడగండి. ఇద్దరుంటే ఔట్ లేకుండా ఆడించొచ్చు.

మారతహళ్ళి నాన్న:
నాది వేరే అనుభవం. మా పాపకి నాలుగేళ్ళప్పుడు లెమన్ అండ్ స్పూన్‌లో మొదటి బహుమతి వచ్చింది. క్రేయాన్ల డబ్బా. రెండేళ్ళయింది, క్రేయాన్లన్నీ అరిగిపోయాయి, ఖాళీ డబ్బా మాత్రం పారేయనివ్వదు. అందరికీ ఒకటే బహుమతి ఇస్తే ఆ డబ్బా అల్మరాలో ఉండేదా? ఓడినవాళ్ళు బాధపడతారని గెలిచే పిల్లకి ఆ సంతోషం లేకుండా చేయడం న్యాయమా? వచ్చే ఏడాది స్కూల్లో స్పోర్ట్స్ డే ఉంటుంది. అక్కడ పరుగుపందెంలో అందరూ ఫస్ట్ రారు కదా. ఒకసారైనా ముందే రుచి చూపించాలని నా ఉద్దేశం.

కేజీ టీచర్, హెచ్‌ఎస్‌ఆర్ లేఔట్:
మారతహళ్ళి నాన్నగారూ, మీ పాప సంతోషం నిజమే. అయితే మీరు చెప్పింది పరుగుపందెం లాంటి ఆట. అందులో ఓడినవాళ్ళు కూడా చివరిదాకా ఆడారు. సర్జాపూర్ అమ్మగారు అడిగింది మధ్యలో బయటికి పంపేయడం గురించి. ఈ రెండింటినీ కలిపేస్తే చర్చ తెగదు.

నేను పదకొండేళ్ళుగా ఎల్‌కేజీకి చెబుతున్నాను. ఆట అయ్యాక "ఎవరు గెలిచారు?" అని అడిగితే క్లాసులో అందరి చేతులూ లేస్తాయి. స్విట్జర్లాండ్‌కి చెందిన ప్యాజే అనే శాస్త్రవేత్త పిల్లలు గోళీలాడుతుంటే దగ్గర కూర్చుని, వాళ్ళని ప్రశ్నలడిగి, 1932లో పుస్తకం రాశాడు. అందులో ఆయన చెప్పినదీ ఇంచుమించు ఇదే. చిన్నపిల్లలు పక్కపక్కనే ఆడుతున్నా ఎవరి ఆట వాళ్ళదే, అందరూ గెలిచామనే అనుకుంటారు. ఒకే నియమానికి కట్టుబడి ఒకరి మీద ఒకరు గెలవాలని చూడటం ఏడేళ్ళ ప్రాంతంలో మొదలవుతుంది. మీ బాబు "నన్ను ఎందుకు వద్దన్నారు" అని అడిగాడంటే మొండితనం కాదండీ, వాడి వయసు పిల్లాడు సరిగ్గా అడగాల్సిన ప్రశ్నే అడిగాడు.

మా క్లాసులో మ్యూజికల్ చైర్స్ మానలేదు, మార్చాం. కుర్చీల బదులు నేల మీద చాపముక్కలు పరుస్తాం, ఎందుకంటే ప్లాస్టిక్ కుర్చీ తోపులాటలో ఒరిగిపోతుంది. పాట ఆగినప్పుడల్లా ఒక చాప తీసేస్తాం, పిల్లల్ని మాత్రం తీయం. ఉన్న చాపల మీదే అందరూ సర్దుకోవాలి. చివరికొచ్చేసరికి ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడతారు. ఎవరైనా పడిపోతుంటే పక్కవాడు చొక్కా పట్టి లాగుతాడు. పార్సెల్ ఆటలో అయితే ప్రతి పొరకీ ఒక స్టిక్కరో చాక్లెట్టో పెట్టండి. పాట పెట్టేవాళ్ళు పిల్లల వైపు చూస్తూ, అందరి వంతూ వచ్చేలా ఆపాలి. కదలకుండా నిలబడే ఆటలో ఔట్ అనకుండా "కదిలావు, నువ్విప్పుడు కప్పవి, గెంతు" అంటే చాలు, కప్పలైపోవడానికి కావాలనే కదులుతారు.

హిందూపురం ఆడబిడ్డ, యలహంక:
తాతా, మీరు చెప్పిన ఆటలన్నీ మేమూ ఆడినాం. కానీ ఒకటి మర్చిపోయినారు. మా ఇంట్లో అందరికన్నా చిన్నది నేను. అక్కావాళ్ళు దాగుడుమూతలు ఆడేటప్పుడు నన్నూ పిలుచుకుపోయేవాళ్ళు. నన్ను ఎవురు ముట్టుకున్నా దొంగ అయ్యేదాన్ని కాదు. ఎందుకంటే నేను ఆటలో అరటిపండు. మీ నెల్లూరులో కూడా ఈ మాట ఉండే ఉంటుంది. నాలుగేండ్ల పిల్లని దొంగ చేసి ఏడిపిస్తే ఆట ఆగిపోతుందని పెద్దపిల్లలకే తెలుసు. ఏ పుస్తకమూ చదవకుండానే వాళ్ళు పెట్టుకున్న ఏర్పాటు అది.

మా పక్కింటి కన్నడ అక్కతో ఈ సంగతి చెప్తే ఆమె నవ్వి, "ఆటక్కుంటు లెక్కక్కిల్ల" అనె. ఆటలో ఉంది, లెక్కలో లేదు అని. వాళ్ళకీ మనకీ అదే పద్ధతి. అందుకే చెప్తాండా, ఔట్ లేని ఆట ఇప్పుడు కొత్తగా పుట్టింది కాదు. చిన్నపిల్లోళ్ళని లెక్కలోకి తీసుకోకుండా ఆటలోకి తీసుకునే వాళ్ళం. ఇప్పటి పార్టీల్లో లెక్కలోకి తీసుకుని ఆటలోంచి తోసేస్తాండారు.

నెల్లూరు తాతయ్య, వైట్‌ఫీల్డ్:
నువ్వు చెప్పింది కాదనలేనమ్మా. మా తమ్ముడు రెండేళ్ళు అరటిపండుగానే ఆడాడు. కానీ వాడు ఏం చేసేవాడో కూడా చెప్పాలి. "నన్ను కూడా నిజంగా దొంగని చెయ్యండి" అని అమ్మతో చెప్పి పోరు పెట్టేవాడు. మొదటిసారి నిజం దొంగ అయిన రోజు ఇంటికొచ్చి అందరికీ చెప్పుకున్నాడు. అరటిపండు చుట్టూ అసలు ఆట ఒకటి నడుస్తుండేది, వాడు దాన్ని చూస్తుండేవాడు, అందులోకి ఎప్పుడు వెళతానా అని ఆరాటపడేవాడు. మీరు పెట్టే పార్టీలో పన్నెండు మందీ అరటిపండ్లే. చూసి నేర్చుకోవడానికి అసలు ఆట ఏది? నా పేచీ అక్కడ.

కేజీ టీచర్, హెచ్‌ఎస్‌ఆర్ లేఔట్:
తాతయ్యగారి ప్రశ్నకి నా దగ్గర పూర్తి జవాబు లేదు. అన్ని వయసుల పిల్లలూ కలిసి ఆడే వీధి ఇక్కడ లేదు, అది నిజం. ఆ అయిదుగురు పెద్దపిల్లలకి గెలుపోటములున్న ఆట ఒకటి విడిగా పెట్టి, చిన్నవాళ్ళని చూడనివ్వండి. అంతకంటే నాకు తోచడం లేదు.

ఆటలాడించే అన్న:
అక్కా, చర్చ మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు, ఇది చెప్పకపోతే నాకు మనసు ఊరుకోదు. స్నో స్ప్రే తెప్పించొద్దు. ఆ డబ్బాల్లో చాలావాటిలో నురగని బయటికి తోసేది బ్యూటేన్, ప్రొపేన్ లాంటి మండే గ్యాసే. కొవ్వొత్తులు వెలుగుతుండగా కొడితే మంట ముఖం మీదికి వస్తుంది. కేక్ దగ్గర నిలబడేది పిల్లాడే. గాల్లో తేలే బుడగలు తెప్పిస్తే లోపల ఉన్నది హీలియమేనా అని గట్టిగా అడగండి. చవగ్గా వస్తుందని హైడ్రోజన్ నింపేవాళ్ళున్నారు, అది నిప్పు తగిలితే భగ్గుమంటుంది. పగిలిన బుడగల ముక్కలు ఎప్పటికప్పుడు ఏరేయాలి. ఎనిమిదేళ్ళ లోపు పిల్లల గొంతుకి అవి అడ్డం పడొచ్చని అమెరికాలో ప్యాకెట్ మీదే హెచ్చరిక వేయాలి. పెద్ద స్పీకర్ కూడా అవసరం లేదు, పన్నెండు మందికి ఫోన్‌కి తగిలించే చిన్నది చాలు. హోరెక్కువైతే పిల్లలు కేకలు పెడతారు, అప్పుడు మనం ఇంకా పెంచుతాం.

మారతహళ్ళి నాన్న:
బహుమతుల మీద మీరెవరూ జవాబు చెప్పలేదు. అందరికీ ఒకటేనా?

హిందూపురం ఆడబిడ్డ, యలహంక:
అన్నా, మేము పోయినేడు మైసూరు రోడ్డులో చన్నపట్టణ పోయి బొంగరాలు తెచ్చినాం. మీ ఇంటినుంచి కొంచెం దూరమే, బెంగళూరు నడిమధ్య నుంచి అరవై కిలోమీటర్లు. మన ఏటికొప్పాక బొమ్మలు చేసే అంకుడు కర్ర లాంటిదే, దానిమీద లక్క రంగు. బహుమతి అని కాకుండా పోయేటప్పుడు ఒక్కొక్కరికీ ఒకటి చేతిలో పెట్టినాం. అందరికీ ఒకే వస్తువు, కానీ ఏ రంగు కావాలో వాళ్ళనే ఏరుకోమన్నాం. "నాది పచ్చది" అని చెప్పుకుంటా పోయినారు. గెలిచిన సంతోషం కాదు గానీ, నాది అన్న సంతోషం ఉండె.

సర్జాపూర్ అమ్మ:
అందరికీ నమస్కారం. పార్టీ నిన్న అయింది. ఏం జరిగిందో రాయడం నా బాధ్యత.

యాంకర్, మ్యాజిక్, వేషం మూడూ వద్దన్నాం. మా చెల్లీ, నేనూ ఆడించాం. టీచర్‌గారు చెప్పిన చాపల ఆట ఆరు చాపలతో మొదలుపెట్టాం. మూడు చాపల దాకా అద్భుతంగా నడిచింది. రెండు చాపలకి వచ్చేసరికి పన్నెండు మందీ ఒకరి మీద ఒకరు పడ్డారు, ఒక పాప గడ్డానికి ఎవరి తలో తగిలి ఏడ్చింది. రెండు దాకా పోకండి, మూడింటి దగ్గర ఆపేయండి. కప్పల ఆట మాత్రం నాలుగుసార్లు ఆడించమన్నారు. ఒప్పులకుప్ప తిరిగేటప్పుడు మా చెల్లి ఒక్కతే పాట పాడింది. తెలుగు రాని పిల్లలు అయిదుగురున్నారు, రెండో విడతకి వాళ్ళూ అరిచి పాడేశారు.

ఆరింటికల్లా చిన్నవాళ్ళు అలిసిపోయారు, ఇంకో ఆట ఉన్నా పెట్టలేదు. ఏడింటి దాకా హాలు తీసుకోవడం నా పొరపాటు. ఈ వయసుకి గంటన్నర చాలు.

పెద్దపిల్లలకి లెమన్ అండ్ స్పూన్ పెట్టాం. చిన్నవాళ్ళు గోడ పక్కన నిలబడి చూశారు, ఈసారి వాళ్ళంతట వాళ్ళే. ఓడిపోయిన ఒక ఎనిమిదేళ్ళ అమ్మాయి వచ్చి, "ఆంటీ, ఇంకోసారి, ఈసారి నిమ్మకాయ నేనే ఏరుకుంటాను" అని అడిగింది. రెండోసారీ ఓడింది. మూడోసారి కూడా అడిగింది. తాతయ్యగారూ, మీరు చెప్పింది నాకు ఆ పిల్లలో కనిపించింది. మావాడిలో ఇంకా లేదు. వాడు ఆ రాత్రి ఒక చెంచాలో నిమ్మకాయ పెట్టుకుని హాల్లో ఒక్కడే అటూ ఇటూ నడిచాడు. ఎనిమిదేళ్ళు వచ్చాక మీరన్నట్టే పెడతాను.

నెల్లూరు తాతయ్య, వైట్‌ఫీల్డ్:
ఒక్కడే నడిచాడు చూశావా అమ్మా! ఎనిమిది దాకా ఎందుకు, అయిదుకే పెట్టు. ఈలోగా వాడికి ఆ చెంచా ఇచ్చెయ్యి.