సూళ్లూరుపేట స్టేషన్‌కు భవనం వచ్చింది, బండ్లు ఎప్పుడు ఆగుతాయి? (మారుపేర్లతో ఊరివాళ్ల చర్చ)

కాలంగి గట్టు: 2025 మే 22న ప్రధానమంత్రి ప్రారంభించిన 103 అమృత్ భారత్ (స్టేషన్ల ఆధునికీకరణ పథకం) స్టేషన్లలో ఆంధ్రప్రదేశ్‌కు దక్కినది మన సూళ్లూరుపేట ఒక్కటే. ఇంత హంగు చేసినవారు మరికొన్ని ఎక్స్‌ప్రెస్‌లను, కనీసం వందేభారత్‌ను, రెండు నిమిషాలు ఆపడానికి ఎందుకు వెనకాడుతున్నారు?

సీజన్ టికెట్: విజయవాడ వైపు నుంచి చెన్నై వెళ్లే వందేభారత్ గూడూరు నుంచి రేణిగుంట మీదుగా పోతుంది. మన పట్టాలే తొక్కని బండికి హాల్టు ఎలా అడుగుతారు? గుమ్మిడిపూండి–గూడూరు మధ్య లోకళ్లు, ఎక్స్‌ప్రెస్‌లు, గూడ్సులు అన్నీ రెండు లైన్ల మీదే నడవాలి కనుక, ఎక్స్‌ప్రెస్ దాటేదాకా మా లోకల్‌ను లూప్‌లైన్లో (పక్క పట్టాల మీద) నిలబెడతారు. హాల్టులు పెరిగితే ఆ నిరీక్షణా పెరుగుతుంది.

పులికాట్ కొంగ: షార్ (శ్రీహరికోట అంతరిక్ష కేంద్రం) ఉద్యోగులకు సంస్థ బస్సులున్నాయి. ఈ తిప్పలన్నీ మనకే.

కాలంగి గట్టు: ఒక్క బండి పేరు పట్టుకుని అసలు విషయం దాటవేయకండి. నెల్లూరులో వైద్యం చేయించుకుని వచ్చేటప్పుడు మా అమ్మగారిని గూడూరులో దించి, మోకాళ్ల నొప్పులతోనే వంతెన మెట్లెక్కించి, లోకల్ కోసం కూర్చోబెడుతున్నాను.

సీజన్ టికెట్: అమ్మగారి ఇబ్బందిని కాదనను. కానీ హాల్టు ఇవ్వాలంటే రైల్వే ముఖ్యంగా చూసేది అక్కడ తెగే టికెట్లను. కోవిడ్ తర్వాత ఎన్నో చిన్న స్టేషన్లలో హాల్టులు పోయింది ఆ లెక్కతోనే. మనవాళ్లు నెల్లూరుకు బస్సెక్కుతుంటే టికెట్లు ఎలా తెగుతాయి?

కాలంగి గట్టు: ఆగని బండికి టికెట్ ఎవరు కొంటారండీ? చెన్నై ఉద్యోగులకు ఈ ఊరు రాత్రి పడుకునే చోటు, అంతే.

సీజన్ టికెట్: మాట జారకండి. చెన్నైలో అద్దె కట్టలేకే పిల్లలు లేవకముందే లోకలెక్కుతున్నాం. మీరు అడిగే హాల్టుకు మూల్యం చెల్లించేది మేము.

చెంగాళమ్మ వీధి: ఇప్పటికి మీ ఇద్దరి మనసుల్లో ఉన్నది బయటపడింది. ఒకరి బతుకు చెన్నైతో, మరొకరి అవసరం నెల్లూరుతో ముడిపడి ఉన్నాయి. స్టేషన్ ఏమో చెన్నై రైల్వే డివిజన్‌ది, గూడూరు విజయవాడ డివిజన్‌ది. 2022 ఏప్రిల్ నుంచి మన జిల్లా కేంద్రమైన తిరుపతికి రైల్లో పోవాలన్నా, ఉత్తరాన గూడూరు చేరి మళ్లీ రేణిగుంట వైపు తిరగాల్సిందే. ఈ దారులన్నీ కలిపి చూడవలసిన అధికారి ఏ డివిజన్లో ఉన్నట్టు?

సీజన్ టికెట్: మన స్టేషన్‌ను విజయవాడ డివిజన్లో కలపమంటారా? అప్పుడు చెన్నై లోకల్‌ను ఎవరు నడుపుతారో ముందు చెప్పి, తర్వాత అర్జీ రాయండి.

కాలంగి గట్టు: డివిజన్ల మార్పు నేను అడగలేదు. సాయంత్రం నెల్లూరు నుంచి వచ్చే ఒక్క ఎక్స్‌ప్రెస్‌కు ఆరు నెలలు ప్రయోగాత్మకంగా హాల్టు ఇమ్మని అర్జీ రాస్తున్నాను. మీ లోకల్ వేళ చెప్పండి, దానికి అడ్డురాని బండినే అడుగుతాను.