టేక్ అనే క్రియకు అర్థాలు చాలా ఉన్నాయా, ఒక్కటేనా?

చర్చ మొదలుపెట్టినవారు:
బడిలో మా ఇంగ్లీష్ సార్ 'టేక్' కి రెండు పేజీల పట్టిక రాయించారు. తీసుకొను, పట్టుకొను, వెంట తీసుకెళ్లు, మింగు, భరించు, ఓర్చుకొను... పరీక్ష కోసం అంతా బట్టీ పట్టాను. ఆ తర్వాత వారం కూడా నిలవలేదు. ఆ పట్టికల పద్ధతే తప్పని ఇప్పుడు నాకు గట్టిగా అనిపిస్తోంది. టేక్ కి ఉన్నది ఒకే అర్థం: బయట ఉన్నదాన్ని తన వైపుకో, తన పట్టులోకో తెచ్చుకోవడం. మిగతావన్నీ ఆ ఒక్కదాని నీడలే. 'టేక్ ఎ సీట్' అంటే సీటును నీది చేసుకో. 'టేక్ అడ్వైస్' అంటే సలహాను లోపలికి తీసుకో. ఒప్పుకోనివాళ్లు ఎందుకో చెప్పండి.

అనువాదకురాలు:
నేను ఒప్పుకోను. రోజూ ఈ పదంతోనే కుస్తీ పడతాను కాబట్టి చెబుతున్నాను. 'టేక్' కనబడిన చోటల్లా 'తీసుకొను' అని రాస్తే ఆ తెలుగు చదవలేం. ఫోటో తీస్తాం. మాత్ర వేసుకుంటాం. బస్సు ఎక్కుతాం. పరీక్ష రాస్తాం. టెంపరేచర్ చూస్తాం. స్నానం చేస్తాం. ఇంగ్లీషులో అన్నిటికీ టేక్ ఒక్కటే, మనకు ఆరు వేర్వేరు క్రియలు. అర్థం ఒకటే అయితే నాకు ఆరు మాటలు ఎందుకు కావాల్సి వస్తున్నాయి?

చర్చ మొదలుపెట్టినవారు:
అది మన భాష చేసుకున్న విభజన, టేక్ లో ఉన్న విభజన కాదు. ఇదే పరీక్ష మన 'పట్టు' కి పెట్టి చూడండి. చెమట పట్టింది, తుప్పు పట్టింది, నిద్ర పట్టింది, దొంగను పట్టారు, గొడుగు పట్టాడు. ఇంగ్లీషులోకి మారిస్తే ప్రతిదానికీ వేరే క్రియ కావాలి. అంతమాత్రాన 'పట్టు' ముక్కలైపోయిందని మనకు అనిపిస్తుందా? మన పిల్లలు దాన్ని ఏ పట్టికా లేకుండానే నేర్చుకుంటారు కదా.

ఇంకో సంగతి చూడండి. 'రెండు గంటలు పడుతుంది' అంటాం కదా, అక్కడున్నది వాన పడడంలోని 'పడు' కాదు, ఈ 'పట్టు'నే. నిన్న రెండు గంటలు పట్టింది అంటాం, పడింది అనం. ఇంగ్లీషులోనూ అంతే, 'ఇట్ టేక్స్ టూ అవర్స్'. హాల్లో 200 మంది పడతారు అన్నా ఇదే క్రియ. వాళ్లూ 'ద హాల్ టేక్స్ 200' అంటారు. ఏ సంబంధమూ లేని రెండు భాషలు చేత్తో పట్టుకోవడం నుంచి కాలానికీ చోటుకూ ఒకే దారిలో నడిచాయంటే, ఆ దారి మనిషి ఆలోచనలోనే ఉందని కాదా?

పదాల చరిత్ర చదివే పాఠకుడు:
చరిత్ర కొంతవరకు మీ వైపే ఉంది. టేక్ అసలు ఇంగ్లీష్ మాటే కాదు. స్కాండినేవియా నుంచి వచ్చి ఇంగ్లండులో స్థిరపడినవాళ్ల నార్స్ భాషలోని 'టాకా' అది. అంతకుముందు ఇంగ్లీషులో ఈ పనికి 'నిమన్' ఉండేది. జర్మన్ లో దాని చుట్టం 'నేమెన్' ఇప్పటికీ బతికే ఉంది. ఇంగ్లీషులో మాత్రం టేక్ వచ్చి దాన్ని తోసేసింది. దాని ఆనవాలు 'నమ్' అనే మాటలో మిగిలింది. నమ్ అంటే మొద్దుబారిన, స్పర్శ పోయిన అని. మూలార్థం చూస్తే 'పట్టబడినది'. మనమూ కాలికి తిమ్మిరి పట్టింది అంటాం!

ఇంగ్లీష్, జర్మన్ ల కుటుంబానికే చెందిన గోతిక్ అనే పాత భాషలో, టేక్ కి బంధువైన 'టేకన్' కు అర్థం ముట్టుకోవడం. ముట్టుకోవడం, పట్టుకోవడం, తీసుకోవడం: వరుస కుదురుతోంది. 'మిస్టేక్' కూడా ఆ కుటుంబానిదే, మొదట్లో పొరపాటున తీసుకోవడం.

కానీ 'ఒకే అర్థం' అనకండి. ఒక దాని నుంచి ఒకటి పుట్టిన గొలుసు అనండి. గొలుసులో మొదటి కొక్కేనికీ చివరి కొక్కేనికీ పోలిక ఉండక్కర్లేదు.

నిఘంటువుల అభిమాని:
ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు 2011లో 'రన్' ను సవరించినప్పుడు ఒక్క క్రియారూపానికే 645 అర్థాలు లెక్క తేలింది. అంత శ్రమ చేసినవాళ్లది తప్పా?

చర్చ మొదలుపెట్టినవారు:
తప్పు అనడం లేదు. చిన్న నిఘంటువు అదే క్రియను కొన్ని పదుల్లో ముగిస్తుంది. ఎంత సన్నగా తరిగితే అన్ని ముక్కలు.

ఇంగ్లీష్ టీచర్:
అందరూ చదివినవాడికి ఎలా అర్థమవుతుందో చెబుతున్నారు. నా బాధ రాసేవాడి గురించి. ఫోటోకి టేక్, ఫోన్ కాల్ కి మేక్. ఎందుకు? మీ మూలార్థం దీనికి జవాబు చెప్పదు. 'డెసిషన్' కి అమెరికాలో మేక్ అంటారు, బ్రిటన్ లో టేక్ కూడా వినిపిస్తుంది. స్నానానికి అమెరికన్లు 'టేక్ ఎ షవర్' అంటే బ్రిటన్ లో ఎక్కువగా 'హ్యావ్ ఎ షవర్'. పని ఒకటే, స్నానం ఒకటే, క్రియ మారింది. ఇది అర్థం వల్ల వచ్చింది కాదు, అలవాటు వల్ల వచ్చింది.

తెలుగు పిల్లవాడు 'పట్టు' ను పట్టిక లేకుండా నేర్చుకున్నాడన్నది నిజమే. కానీ వాడు ఆ మాటను కొన్ని వేలసార్లు విన్నాడు. నా విద్యార్థులకు ఆ అదృష్టం లేదు. 'ఫ్యాన్ వెయ్యి' ని 'పుట్ ద ఫ్యాన్' అని రాసేది అందుకే. వాళ్లకు తెలివి లేక కాదు, వినే అవకాశం లేక.

'టేక్ ఇన్' చూడండి. వదులు బట్టను కుట్టి బిగించడం, ఒకరికి ఆశ్రయం ఇవ్వడం, విన్నది గ్రహించడం, మోసం చేయడం. నాలుగోది ఎవరూ చెప్పకుండా ఊహించగలరా?

అనువాదకురాలు:
ఆ నాలుగోదాన్ని నేను 'బుట్టలో వేసుకోవడం' అని రాస్తాను. ఇప్పుడే తట్టింది, మనమూ మోసాన్ని లోపలికి లాక్కోవడంగానే చూస్తున్నాం. ఈ ఒక్క విషయంలో చర్చ మొదలుపెట్టినవారి మాట నిజమేనేమో. 'టేక్ ఆఫ్టర్' అంటే తల్లి పోలికో తండ్రి పోలికో రావడం. అక్కడ మాత్రం ఎవరు ఏం పట్టుకున్నారో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

చర్చ మొదలుపెట్టినవారు:
నాకూ అంతుపట్టలేదు. టీచర్ గారి షవర్ ఉదాహరణకు నా దగ్గర జవాబు లేదు. అందుకే పట్టికలే తప్పన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. అయితే ఒక కోరిక. ఆ పట్టికలో ఒక్కో అర్థం పక్కన 'టేక్ ఎ ఫోటో' లాంటి పూర్తి జంట మాట రాయించండి. మాకు అర్థాలు ఇచ్చారు గానీ ఆ జంటలు ఎప్పుడూ ఇవ్వలేదు.