అప్‌డేట్: మా ఊరి బస్సు సగం వచ్చింది

మా ఊరి పల్లెవెలుగు బస్సు పొద్దున, సాయంత్రం ట్రిప్పులు రెండూ ఆపేశారు, ఏం చేయాలని ఇంతకుముందు అడిగాను కదా. సాయంత్రం ట్రిప్పు మళ్లీ మొదలైంది. పొద్దునది ఇంకా లేదు.

మీరు చెప్పినట్టే సోమవారం కలెక్టరేట్‌లో జనం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో అర్జీ ఇచ్చాం. అది తిరిగి తిరిగి డిపోకే చేరింది. జవాబు పాతదే: 'ఆక్యుపెన్సీ లేదు', అంటే బస్సు నిండట్లేదని. దాంతో పది రూపాయల ఫీజు కట్టి ఆర్టీఐ వేశాం. ట్రిప్పువారీగా టికెట్ల లెక్క కావాలని, ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్లు విడిగా చూపించాలని అడిగాం. అసలు కిటుకు అక్కడే ఉంది. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం, ఆ ఛార్జీ ప్రభుత్వం కట్టాలి. అంటే జీరో టికెట్ తీసుకున్నావిడ కూడా ప్యాసింజరే. మా బస్సులో సగానికి పైగా వాళ్లే. వాళ్లను లెక్కేస్తే ఖాళీ అనడం కుదరదు.

జవాబుకు 30 రోజుల గడువు. అది దగ్గరపడేసరికి సాయంత్రం బస్సు వచ్చేసింది, కాగితం మాత్రం రాలేదు!

ఇక మా ఎమ్మెల్యే గారు. ఇన్నాళ్లూ పీఏ గారి 'సార్ మాట్లాడుతున్నారు' తప్ప ఏమీ వినలేదు. బస్సు రాగానే కొబ్బరికాయ కొట్టడానికి దిగారు. పొద్దున ట్రిప్పు గురించి అడిగితే 'చూద్దాం' అని కారెక్కారు. ఒళ్లు మండింది.

గడువు దాటింది కాబట్టి ఇప్పుడు ఆర్టీఐ కింద పై అధికారికి మొదటి అప్పీలు రాస్తున్నాం. ఆటోలకు వేలాడుతూ కాలేజీకి పోతున్న ఇంటర్ పిల్లలు తమ బస్ పాస్ జిరాక్సులు కూడా జత చేయమని ఇచ్చారు.