లేత్ మిషన్ ‘షేక్’ అవుతుందా, ‘వైబ్రేట్’ అవుతుందా?

ప్రశ్న (పీణ్య, బెంగళూరు): మా షాపులో లేత్ వేగం పెంచితే అదురుతోంది. ఫిర్యాదు ఇంగ్లీషులో రాయాలి. ఏ క్రియ సరైనదండీ? చలికి వణికే మనిషికీ అదే వాడవచ్చా?

జవాబు (ఇంగ్లీషు ఉపాధ్యాయిని, జయనగర్): తప్పకుండా ‘వైబ్రేట్’ రాయండి. కొద్దిపాటి దూరంలోనే, వేగంగా, విడవకుండా అటూ ఇటూ ఆడేదానికి ఆ క్రియ: మీటిన వీణ తీగ, మోగించిన గంట, జేబులో ఫోను. మందు సీసాను చేత్తో కుదిపితే అది ‘షేక్’, కదలిక పెద్దది. మనిషి చలికి వణికితే ‘షివర్’, భయానికైతే ‘ట్రెంబుల్’. గొంతు మాత్రం కోపంతో ‘వైబ్రేట్’ కావచ్చు. నాకు ఎంతో ఇష్టమైన ప్రయోగం అది!

జవాబు (మెకానికల్ ఇంజినీరు): క్రియ ఒక్కటే చాలదు తమ్ముడూ, ఏ వేగంలో మొదలవుతుందో రాయి. నిమిషానికి 1,200 చుట్లంటే సెకనుకు 20, అంటే 20 హెర్ట్జ్. అదురు కూడా అంతే ఉంటే ముందుగా చక్ (ముక్కను పట్టి తిప్పే భాగం), అందులో బిగించిన ముక్క సమతూకం చూడమను.

ప్రశ్న వేసినవారు: ధన్యవాదాలు మేడమ్, అన్నా. వేగంతో సహా ఇప్పుడే రాస్తాను.