పెరటి డాబాలో రెండో రౌటర్: ఇంటర్నెట్ వస్తోంది, ప్రింటర్ దొరకడం లేదు

అమలాపురం వాసి:
మాది అమలాపురం దగ్గరి పల్లెలో పాత మండువా ఇల్లు. గోడలు బాగా మందం కావడంతో వీధి గదిలోని ఫైబర్ రౌటర్ సిగ్నల్ వంటింటికి చేరేసరికే నీరసించిపోతుంది. కొబ్బరిచెట్ల అవతల, సుమారు 40 మీటర్ల దూరంలో, పెరట్లో కట్టిన రెండు గదుల డాబాకు అసలే అందదు. అందుకని డాబాలో మరో రౌటర్ పెట్టి, ముందింటి రౌటర్ నుంచి లాగిన కేబులును దాని వాన్ పోర్టులో (బయటి ఇంటర్నెట్ కేబుల్ పెట్టే చోట) గుచ్చాను. ఇంటర్నెట్ బాగానే వస్తోంది. కాని డాబాలోని ల్యాప్‌టాప్‌కు ముందింటి ప్రింటర్ దొరకడం లేదు, ముందింట్లోని ఫోనుకు డాబా కెమెరా కనిపించడం లేదు. ముందింట్లో చిరునామాలు 192.168.1తోనూ, డాబాలో 192.168.0తోనూ మొదలవుతున్నాయి. రెండిటినీ ఒకే నెట్‌వర్క్‌గా చేయడం ఎలాగో తెలిసినవారు చెప్పగలరు.

భీమవరం నెట్‌వర్క్:
మీరు చివర రాసిన చిరునామాలలోనే కారణం ఉందండి. వాన్ పోర్టులో కేబుల్ గుచ్చగానే రెండో రౌటర్ ముందింటిని బయటి ఇంటర్నెట్‌గా లెక్కగట్టి, తన వెనుక వేరే నెట్‌వర్క్‌ను ఏర్పరచుకొని, మధ్యలో మరోసారి చిరునామాలు మారుస్తుంది. దీనినే డబుల్ నాట్ అంటారు. డాబా నుంచి వెళ్లిన అభ్యర్థనకు ముందింటి నుంచి జవాబు వస్తుంది గాని, ముందింటి ఫోను తనంతట తాను డాబా కెమెరాను పలకరించబోతే ఆ రౌటర్ గుమ్మంలోనే ఆపేస్తుంది. ప్రింటర్ సంగతి కొంచెం వేరు: దాని చిరునామాను మీరే టైపు చేస్తే డాబా నుంచి కూడా ప్రింట్ తీయవచ్చు, అయితే ల్యాప్‌టాప్ ప్రింటర్లను వెతుకుతూ పంపే పిలుపు సొంత నెట్‌వర్క్‌లోనే తిరుగుతుంది తప్ప రౌటర్ దాటదు.

రెండో రౌటర్‌లో యాక్సెస్ పాయింట్ మోడ్ (వేరే నెట్‌వర్క్ చేయకుండా ఉన్నదానినే పొడిగించే పద్ధతి) ఉంటే అది ఎంచుకోండి, పని అక్కడితో అయిపోతుంది. లేకపోతే ముందింటి కేబుల్ తీసేసి, ల్యాప్‌టాప్‌ను రెండో రౌటర్‌కు కలిపి, ముందుగా ఆ రౌటర్ లాన్ (ఇంటిలోపలి నెట్‌వర్క్) చిరునామాను 192.168.1.2గా మార్చండి, ముందింటి రౌటర్ పంచే చిరునామాలలో ఇది ఉండకూడదు కనుక అక్కడ పంపకాన్ని 100 నుంచి మొదలుపెట్టండి. ఆ తరువాతే రెండో దానిలో డీహెచ్‌సీపీని, అంటే పరికరాలకు చిరునామాలు పంచే పనిని, ఆపండి. ముందే ఆపితే, మళ్లీ దాని పేజీ తెరవడానికి ల్యాప్‌టాప్‌కు చిరునామాను చేత్తో ఇవ్వవలసి రావచ్చు. చివరగా కేబులును వాన్‌లో కాకుండా లాన్ పోర్టులో గుచ్చండి. కెమెరాకు ఎవరైనా స్థిరమైన చిరునామా పెట్టి ఉంటే దానినీ మార్చాలి. కెమెరాలు బిగించేవారు ఇలా పెట్టి, చెప్పకుండా వెళ్లిపోతుంటారు.

వైఫై పేరు, పాస్‌వర్డు రెండిటికీ ఒకటే ఉంచి, 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికి 1, రెండోదానికి 6 లేదా 11 ఛానల్ ఇవ్వండి.

రాజోలు వైరింగ్:
సెట్టింగుల గురించి పైవారు చెప్పింది సరైనదే. నాకు అనుమానమల్లా ఆ కేబుల్ మీదే. ఈథర్నెట్ రాగి కేబుల్ 100 మీటర్ల వరకు పనిచేస్తుంది కనుక దూరం సమస్య కాదు. కొబ్బరిచెట్ల మధ్య నుంచి రెండు భవనాలను కలుపుతూ రాగి తీగ లాగడం సమస్య. దగ్గరలో పిడుగు పడితే, తీగను అది నేరుగా తాకకపోయినా, రెండు చివర్లా ఉన్న రౌటర్లు, వాటికి కలిసిన కెమెరా రికార్డర్ కాలిపోవచ్చు. మన ప్రాంతంలో ఉరుములతో కూడిన వానలు కొత్త కాదు. ఆ 40 మీటర్లకు ఫైబర్ వేసి, చెరో చివర మీడియా కన్వర్టర్ (ఫైబర్‌ను మామూలు ఈథర్నెట్ కేబులుకు కలిపే పెట్టె) పెట్టండి. ఒకే పోగుతో పనిచేసే రకమైతే ఏ, బీ అని జతగా కొనాలి, రెండూ ఒకే రకమైతే లింకు రాదు. బయట వేలాడదీసే ఫైబర్ కేబులులో ఆధారంగా ఉక్కు తీగ ఉంటుంది. దానిని గోడ బయటే కత్తిరించి కట్టాలి, లోపలికి తేకూడదు.

అమలాపురం వాసి:
ఇద్దరికీ ధన్యవాదాలు. లాన్ పోర్టుకు మార్చాక ప్రింటర్, కెమెరా రెండూ కనిపిస్తున్నాయి. ఫైబర్ పని తొలకరి లోపే చేయిస్తాను. మరొక్క సందేహం: ముందు ముందు డాబాను అద్దెకు ఇస్తే, కేబులును తిరిగి వాన్ పోర్టులో గుచ్చితే మా పరికరాలు అద్దెవారికి అందకుండా ఉంటాయా?

భీమవరం నెట్‌వర్క్:
ఉండవండి, చాలామంది పొరపడేది ఇక్కడే. అలా చేస్తే రక్షణ దొరికేది మీకు కాదు, లోపలివైపున్న అద్దెవారికి. చిరునామా తెలిస్తే వారు మీ రికార్డర్ పేజీని తెరవగలరు, మీరు మాత్రం వారి పరికరాలను చేరలేరు. ముందింటి రౌటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్‌ను (బయటివారికి వేరుగా ఇచ్చే నెట్‌వర్క్‌ను) ఒక లాన్ పోర్టుకు కేటాయించే సదుపాయం ఉంటే, డాబా కేబులును ఆ పోర్టుకు కలపండి. ఆ సదుపాయం లేకపోతే అద్దెవారిని సొంత కనెక్షన్ తీసుకోమనడమే మేలు.